గాలిమోటారుకు మండీ కాటా

భూమ్మీద ఎవరెన్ని నియమాలు తప్పినా చెల్లుతుంది గానీ, ఆకాశం మాత్రం నియమం తప్పినవాణ్ణి ఒక్క క్షణం కూడా మొయ్యదు! ఈ మహాసత్యం మదనపల్లె టమోటా మండీ యజమాని కుమారస్వామికి ఒక మంగళవారం పొద్దున, సొంత మండీ వెనక మైదానంలోనే బోధపడింది.

ఆ రోజు కుప్పంలో ఆయనకు సన్మానం. ‘రైతు బాంధవుడు’ అని బిరుదు. బిరుదిచ్చే సంఘాన్ని పెట్టిందీ, శాలువా కొన్నదీ ఆయనే అనుకోండి, అది వేరే సంగతి. పుంగనూరు మీదుగా కారులో పోతే ఎవరు చూస్తారు? అందుకే హెలికాప్టర్ బాడుగకు తెప్పించాడు. సరుకు దించడానికొచ్చిన రైతులంతా క్రేట్లు వదిలేసి చుట్టూ మూగారు. అది చూసి కుమారస్వామికి కడుపు నిండిపోయింది.

పైలట్ మేఘన బెంగళూరు నుంచి వచ్చింది. నమస్కారం పెట్టి, “సార్, ఎక్కే ముందు ముగ్గురి బరువూ చూడాలి” అంది. ముగ్గురంటే కుమారస్వామి, భార్య ప్రమీల, బామ్మర్ది మధుసూదన్.

“యాలమ్మా? మేమేమన్నా మూటలమా?”

“రూల్ సార్. బరువెంతో కచ్చితంగా తెలియకుండా పైకి లేపితే మీకూ ప్రమాదం, నాకూ ప్రమాదం.”

“అంతేనా. మా కాటా ఉండాదిలే. మా కాటా అంటే ధర్మానికి మారుపేరు” అని రైతులకు వినబడేటట్టు చెప్పి, కాటా తెప్పించాడు.

ముందు ప్రమీల నిలబడింది. అంకె చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. “ఏమండీ, ఎంత తగ్గినానో సూడండి! అంతా రాగిసంగటి మహిమ.” మధుసూదన్ కూడా సన్నబడ్డాడు. తొంభై అయిదు కిలోల కుమారస్వామి నిలుచున్నపళంగా ఎనభై రెండుకు దిగాడు.

మేఘనకు అనుమానం వచ్చి తానే కాటా ఎక్కింది. “సార్, పోయిన వారమే మాకు మెడికల్ పరీక్ష చేశారు. ఇది నన్ను ఎనిమిది కిలోలు తక్కువ చూపిస్తోంది. దీన్ని నమ్మి నేను లేపలేను.”

ఏళ్ళ తరబడి ఆ కాటా మీదే పంట తూయించుకున్న చౌడేపల్లె రెడ్డెప్ప మెడ చాచి అంకె చూశాడు.

కుమారస్వామి ఇరుకున పడ్డాడు. కాటా తప్పంటే పరువు లేచిపోతుంది, ఒప్పంటే హెలికాప్టర్ లేవదు! “తరుగు తల్లీ, తరుగు. యాడైనా తూకంలో తరుగు తియ్యాల గదా” అన్నాడు.

“టమోటాలకు తీస్తారేమో సార్. మనుషులకు తియ్యరు.”

బావ కష్టం చూసి మధుసూదన్‌కు మనసాగలేదు. “దానికేముండాది బావా, ఇది రైతుల సరుకు తూచే కాటా, తక్కువే సూపిస్తాది. లారీలకు అమ్మేటప్పుడు తూచే కాటా లోపల ఉండాది గదా, అది తెస్తా ఉండు” అని పరిగెత్తాడు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

లారీ కాటా మీద అందరూ మళ్ళీ లావెక్కారు. ప్రమీల అయితే ఏడుపొక్కటే తక్కువ.

“ఇదీ తప్పే, నన్ను కూడా ఎక్కువ చూపిస్తోంది” అంది మేఘన తానూ ఎక్కి చూసి. “కానీ అనుమానం ఉన్నప్పుడు ఎక్కువ బరువే లెక్కేసుకుంటాను. అప్పుడే క్షేమం. ఆ లెక్కన మొయ్యగలిగిన బరువు దాటిపోతోంది, ఒకరు ఆగిపోవాలి. మీరు ఆగితేనే సరిపోతుంది సార్.”

“సన్మానం నాదమ్మా!”

“బరువు కూడా మీదే సార్.”

ప్రమీల అప్పటికే లోపల బెల్టు పెట్టుకుంది. “శాలువా నేను కప్పించుకొస్తాలెండి” అంది. దుమ్ము లేచింది, హెలికాప్టర్ లేచింది, బామ్మర్ది పైనుంచి చెయ్యి ఊపాడు. కుమారస్వామికి నిజంగానే ఏడుపొచ్చింది.

దుమ్ము అణిగాక ఆయన వెనక్కి తిరిగాడు. రైతులంతా లారీ కాటా ముందు క్రేట్లు వరసగా పేర్చి నిలబడ్డారు. రెడ్డెప్ప తన క్రేటు ఎత్తి దాని మీద పెట్టాడు.

“రాప్పా, వచ్చి తూయి. అనుమానం ఉంటే ఎక్కువ బరువే లెక్కంట గదా.”