లారీయా, రైలా?

వాదించేవాళ్ళను చూడగానే ముఖం చిట్లించుకునే మహానుభావులారా, ఒక్క క్షణం ఆగండి! మానవజాతి ఇంకా చెక్కుచెదరకుండా నిలబడిందంటే అది వాళ్ళ చలవే. కాదంటారా? చూశారా, అప్పుడే మీరూ మొదలుపెట్టారు. సంతోషం.

మా బాబాయినే తీసుకోండి. జ్వరం వస్తే డాక్టరు ఓ మాత్ర రాస్తాడు. ఆ మాత్ర ఎందుకు పనిచేయదో బాబాయి ఆయనకు ఓపిగ్గా వివరిస్తాడు. వివరించేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి జ్వరం దిగిపోతుంది. తలనొప్పి మాత్రం డాక్టరుకు పట్టుకుంటుంది. ఇంత చవకైన వైద్యం ఇంకెక్కడైనా ఉందా?

ఇక మా ఆఫీసు. మిల్లులకు మోటారు సామాన్లు పంపుతుంటాం. హెడ్ క్లర్కు గారు తూర్పంటే స్టోర్‌కీపరు పడమరంటాడు. ఫ్యాను వేగం, కిటికీ తలుపు, గోడ గడియారం ముందుందా వెనకుందా, ఏదీ వాళ్ళ దగ్గర ఓ పట్టాన తెమలదు. వాళ్ళకు అంపైరును నేను. వాదన చల్లబడుతోందనిపిస్తే ఓ పుల్ల వేసి పుణ్యం కట్టుకుంటాను.

మొన్నామధ్య ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. మోటారు పాడై మిల్లు ఆగిపోయిందట. సామాను సాయంత్రంలోగా బయల్దేరాలట. మామూలు ఆఫీసైతే ఏం చేసేది? పంపేసి ఊరుకునేది! ఎంత చప్పటి బతుకులండీ!

"లారీలో వేద్దాం," అన్నారు హెడ్ క్లర్కు గారు.

"రైలుండగా లారీ ఏంటండీ, విడ్డూరం కాకపోతే!" అన్నాడు స్టోర్‌కీపరు.

కిటికీ పక్కన కూర్చుని ఉత్తరాలు టైపు చేసే అమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని, "సార్, సామానుతో పంపే ఉత్తరంలో లారీ అని కొట్టనా, రైలు అని కొట్టనా?" అని అడిగింది.

"ఉండమ్మా, తేలనీ!" అన్నారిద్దరూ. ఆ రోజు వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

అసలు చక్రం ముందా, రైలు పట్టా ముందా అన్నంత దూరం వెళ్ళింది వాదన. నేనూ నా వంతు పుల్లలు వేశాను. ఆ అమ్మాయి లేచి లేచి అడుగుతూనే ఉంది, "సార్, లారీ వెళ్ళిపోతుంది సార్!" అని. లారీ వెళ్ళిపోయింది. తర్వాత రైలూ వెళ్ళిపోయింది. సామాను మాత్రం బల్ల మీదే ఉండి వాదన ఆసాంతం విన్నది.

మర్నాడు మేనేజరు గారు మా గదిలోకి వచ్చారు. మిల్లువాళ్ళు మాకో నమస్కారం పెట్టి వేరే కంపెనీకి వెళ్ళిపోయారట.

"ఉత్తరం ఎవరి దగ్గర ఆగింది?"

మా కళ్ళన్నీ కిటికీ వైపు తిరిగాయి.

"వీళ్ళు తేల్చలేదు సార్, నేను అడుగుతూనే ఉన్నాను," అంది ఆ అమ్మాయి. తర్వాత మా వైపు చూసి, "మీరైనా చెప్పండి సార్," అంది.

"రేపట్నుంచి ఈ అమ్మాయిని రావద్దంటున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి," అన్నారు మేనేజరు గారు.

మా గదిలో గడియారం చప్పుడు వినబడటం అదే మొదటిసారి. హెడ్ క్లర్కు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. స్టోర్‌కీపరు తాళాలగుత్తి పరిశీలించాడు. నేనా? అంపైరును! రెండు వైపులా వాదన లేనిదే అంపైరు నోరు విప్పకూడదు కదా?

ఆ అమ్మాయి గొడుగు, నీళ్ళసీసా తీసుకుని వెళ్ళిపోయింది. గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు! కానీ వాదించేవాళ్ళు గొడవమనుషులని ఆడిపోసుకుంటారే, ఎంత పెద్దమనిషి తరహాగా సర్దుకుపోయామో గమనించారా?

ఆమె మెట్లు దిగిందో లేదో గదికి మళ్ళీ ప్రాణం వచ్చింది. కిటికీ పక్కన కుర్చీ ఖాళీ అయింది కదా! సర్వీసును బట్టి అది తనదేనంటారు హెడ్ క్లర్కు గారు. నడుంనొప్పిని బట్టి తనదేనంటాడు స్టోర్‌కీపరు. గాలీ వెలుతురూ అంపైరుకే ముఖ్యమని నా వాదన.

మీకేమైనా అభ్యంతరముంటే స్వయంగా వచ్చి చెప్పండి. ఉత్తరం మాత్రం రాయకండి. జవాబు టైపు చేయడానికి మా దగ్గర మనిషి లేదు.