తాతయ్యకు తొమ్మిది అగరుబత్తులు

ఆ బుధవారం ఉదయం శాస్త్రవేత్త డాక్టర్ వాన్నిసా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటల దాకా దేన్నీ ముట్టుకోకుండా కూర్చోవడం. రాత్రి మామిడిపూత వాన పడి కొండలు కడిగినట్టున్నాయి. గాలిలో సన్నని ధూళి ఎంతుందో చెప్పే అంకె తెర మీద పదిహేడు దగ్గర బుద్ధిగా కూర్చుంది. పదకొండింటికి జిల్లా అధికారి ప్రచక్ గారు వచ్చి, వియాంగ్ నామ్ లోయలోని గాలి పరిశోధన కేంద్రాన్ని ఉంచాలో మూయాలో తేలుస్తారు.

మూయాలనుకోవడానికి కారణం లేకపోలేదు. ఈ పొగల కాలంలో ఇప్పటికే రెండు తప్పుడు హెచ్చరికలు బడులకు వెళ్ళాయి. "మూడోది వెళ్ళిందంటే తాళం నేనే తెచ్చి వేస్తా" అని ప్రచక్ గారు నలుగురిలో అన్నారు. వాన్నిసాకు ఉద్యోగం పోతుందన్న బెంగ కొంచెమే. ఏప్రిల్లో కొండల మీద అడవి నిజంగా అంటుకుంటే, పిల్లల్ని బయటికి వదలొద్దని నలభై రెండు బడులకు చెప్పే నాథుడే ఉండడన్నది అసలు బెంగ.

కేంద్రంలో యంత్రాలు తుడిచి, నూనె పోసి, వాటితో కష్టసుఖాలు మాట్లాడే ఖాంపన్‌కు కూడా అదే బెంగ. కాకపోతే చేతులు ముడుచుకుని కూర్చోవడం అతని ఒంటికి సరిపడదు. తొమ్మిదిన్నరకు నైవేద్యానికి ఎర్ర సోడా సీసా, రెండు ఉడికించిన గుడ్లు, శుభమని లెక్కపెట్టి తొమ్మిది అగరుబత్తులు పట్టుకుని మేడెక్కాడు.

అందరూ తాతయ్య అని పిలిచే స్థలదేవతకు బొమ్మరిల్లంత గుడి ఉంది; మూడు వారాల క్రితం దాకా అది కార్ల షెడ్డు పక్కనే ఉండేది. కొత్త అంతస్తు లేచాక దాని నీడ గుడి మీద పడసాగింది. భవనం నీడ తాతయ్య మీద పడితే ఊరుకోడు కదా, అందుకని వాన్నిసా శిక్షణకని బ్యాంకాక్ వెళ్ళిన వారంలో గుడిని మేడ మీదికి చేర్చారు; ఆమెకు చెప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఏ నీడా పడకుండా నాలుగు వైపులా గాలి ఆడే చోటు మేడ మీద ఒక్కటే ఉంది. గాలి పీల్చే యంత్రాన్ని కూడా సరిగ్గా అందుకే అక్కడ పెట్టారు. ఇద్దరూ ఇప్పుడు మూరెడు దూరంలో ఇరుగుపొరుగు.

తొమ్మిది నలభైకి అంకె అరవై నాలుగయింది. వాన్నిసా కళ్ళద్దాలు తుడుచుకుంది. తొమ్మిది యాభైకి నూట ఎనిమిది. ఉపగ్రహ పటంలో ఎక్కడా మంట చుక్క లేదు. పక్క జిల్లాల గాలి ముత్యంలా ఉంది.

"బాబాయ్!" అని కేకేసింది. "పైన మిషన్ దగ్గర ఏమైనా పొగ ఉందా?"

"పొగా?" ఖాంపన్ నొచ్చుకున్నాడు. "ఇప్పుడే పైనుంచే వస్తున్నా డాక్టరమ్మా. మంటా లేదు, పొగా లేదు. ఒట్టు."

అతను అబద్ధమాడలేదు. చెత్త తగలబెడితే పొగ, పొలం తగలబెడితే పొగ. అగరుబత్తి వెలిగిస్తే అది పూజ.

"మరి అంకె ఎందుకిట్లా ఎగబాకుతోంది?"

ఖాంపన్ తెర వైపు చూశాడు. మొహం పాలిపోయింది. తాతయ్యకు కోపం వచ్చింది! చోటు మార్చినందుకా, గుడ్లు రెండే పెట్టినందుకా? గబగబా కింది గదికి పరుగెత్తి గుమస్తాలు నలుగురినీ లేవదీశాడు. "తలా తొమ్మిది వెలిగించండర్రా! మొక్కుకోండి! మన కొలువులు మునుగుతున్నాయి!"

పదింటికి అంకె రెండు వందల నలభై. దాన్ని మింగిన కంప్యూటరు గాలివాటు లెక్కగట్టి, కొండ మీద అడవి తగలబడుతోందని నిర్ధారించుకుంది. లోయ పటమంతా ఎరుపు పులిమింది. నూట యాభై దాటితే హెచ్చరిక దానంతటదే పోతుంది. ఆపే మీట ఉండేది గానీ, పోయినేడు హెచ్చరిక ఆలస్యమైందని ప్రచక్ గారే దాన్ని తీయించేశారు. వాన్నిసా చూస్తుండగానే నలభై రెండు బడులకు సందేశం వెళ్ళిపోయింది.

ఫోన్లు మొదలయ్యాయి. "పిల్లల్ని లోపలే పెట్టి కిటికీలు మూశాం, ఉడికిపోతున్నారు, ఏం చేయమంటారు?" అని ఒకరు. "ఆకాశం నీలంగా ఉంది, మీకు మతి ఉందా?" అని ఇంకొకరు. చివరి ఫోను ప్రచక్ గారిది. "ఏమీ ముట్టుకోకండి! నేను నీళ్ళ బళ్ళతో వస్తున్నా!"

అంకె నాలుగు వందల పన్నెండుకు చేరింది. వాన్నిసా కుర్చీ తోసి లేచింది. ఇక యంత్రాన్నే అడుగుదామని మెట్లెక్కి తలుపు తోసింది. మేడ మీద ఐదుగురు మోకాళ్ళ మీద ఉన్నారు. ముందు అగరుబత్తుల పొద ఉంది. పొగ తిన్నగా యంత్రం గొట్టంలోకి పోతోంది.

"బాబాయ్..." అంటూ గొట్టం వైపు అడుగేసింది. కింద సైరన్ ఆగింది. ఆకాశంలోని ధూళిని కడగడానికి జిల్లా కొన్న బండి, గొట్టం పైకెత్తి మేడ మీద నీళ్ళు కుమ్మరించింది. భక్తులు, గుడ్లు, వాన్నిసా అందరూ తడిసి ముద్దయ్యారు. అగరుబత్తులు చుయ్యిమని ఆరిపోయాయి.

పది నిమిషాల్లో అంకె పంతొమ్మిది. ప్రచక్ గారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చారు. "చూశారా నా బండి తడాఖా! నాలుగు వందల నుంచి పంతొమ్మిది! ఈ కేంద్రం లేకపోతే ఈ సంగతి తెలిసేదా? సంతకం పెడతా, ఉంచేద్దాం!"

నోరు మూసుకుంటే చాలు, కేంద్రం బతికిపోతుంది. వాన్నిసా జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కానీ రేపు బడివాళ్ళు నమ్మాల్సింది ఈ నోటినే.

"సార్, అది అడవి పొగ కాదు. అగరుబత్తులు. ఇది మూడో తప్పుడు హెచ్చరిక. బడులకు ఇప్పుడే నిజం చెప్పి క్షమాపణ పంపిస్తా. తాళం వేసుకోండి."

"తప్పు నాది సార్, డాక్టరమ్మది కాదు" అని ఖాంపన్ అడ్డం వచ్చాడు.

ప్రచక్ గారు కలం పట్టుకునే తడిసిన అగరుబత్తుల మీదికి వంగారు. "నీళ్ళు వాటి మీద పడ్డాయి కనుక పొగ ఆగిందంటారా?"

"అవును సార్."

"మరి ఇన్నాళ్ళూ బండిని నడిరోడ్డు మీద నిలబెట్టి ఆకాశంలోకి కొట్టించానే?"

"దానివల్ల ఏమీ తగ్గలేదు సార్."

"అంటే... నీళ్ళు గాలి మీద కాదు, మంట మీద కొట్టాలి." ఆయన కళ్ళు వెలిగాయి. పిట్టగోడ మీదికి వంగి డ్రైవరును కేకేశారు. "ఒరే, ఈ వేసవికి బళ్ళన్నీ కొండ కిందికి పోవాలి! ఎక్కడ అంటుకుంటే అక్కడికి!"

ఆరేళ్ళుగా తాను పంపిన ప్రతి నివేదికలో మొదటి పేజీ మొదటి వాక్యం అదేనని చెప్పడానికి వాన్నిసా నోరు తెరిచింది. ప్రచక్ గారు సంతకం పెడుతుండటం చూసి మూసుకుంది.

కేంద్రాన్ని మూడేళ్ళు పొడిగించారు. మంట మీద నీళ్ళు పోయాలన్న సిద్ధాంతం మాత్రం జిల్లా రికార్డుల్లో ప్రచక్ గారి పేరు మీద నమోదైంది.