అయిదు వాట్ల కేక

టమరాక్ లోయ హామ్ రేడియో సంఘం తమ శీతకాలపు అల్పశక్తి పోటీ ఈ ఏడు దిగ్విజయంగా ముగిసిందని సంతోషంతో ప్రకటించింది. ఒక కాలు విరగడం మినహా చెప్పుకోదగ్గ అవాంతరమేదీ జరగలేదు. ఆ కాలు కూడా సంఘానిది కాదు, ఆర్వో కెటోలా అనే సభ్యుడిది. నిబంధనల్లో కాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు కనుక ఆ విషయంలో సంఘం తన అభిప్రాయం వెల్లడించలేదు.

అల్పశక్తి పోటీ అంటే తెలియని దురదృష్టవంతుల కోసం రెండు మాటలు. సరదాకి ఇంట్లోంచే రేడియోలో దూరాలవాళ్లను పలకరించే ఈ హామ్‌వాళ్లలో డబ్బున్నవాళ్లు వెయ్యేసి వాట్లతో అరుస్తారు. అలా అరిస్తే ఎవరికైనా వినబడుతుంది, అందులో గొప్పేముంది? మిషిగన్ ఉత్తరాన, అడవుల్లో, మంచులో బతికే ఈ సంఘం వాళ్లు అయిదే అయిదు వాట్లు వాడతారు. పడగ్గదిలో వెలిగించుకునే పాతకాలపు చిన్న బల్బు కూడా అంత తక్కువతో వెలగనంటుంది. ఆ కాస్త శక్తితో జార్జియానో టెక్సాస్‌నో పలకరించి, కాల్ సైన్ అనే తన రేడియో పేరు, కౌంటీ అనే తన జిల్లా పేరు చెప్పి, అవతలివాళ్లవి రాసుకుంటే ఒక పాయింటు. అరుదైన కౌంటీ అయితే పది. ఇది మాట్లాడేవాడి గొప్ప కాదని, వినేవాడి గొప్ప అని సంఘం నమ్మకం. అందుకే వాళ్ల జెండా మీద ఇంత పెద్ద చెవి బొమ్మ కుట్టించుకున్నారు.

ఇందులో ఒక మర్యాద ఉంది. అవతలివాడి మాట ఎంత బాగా వినిపించిందో రెండు అంకెల్లో చెప్పాలి. మొదటిది మాట స్పష్టతకు, రెండోది సిగ్నల్ బలానికి. అయిదూ తొమ్మిది అంటే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత బాగా ఉందని. పూర్వం విన్నది విన్నట్టే చెప్పేవారట. దానివల్ల మనసులు నొచ్చుకుంటున్నాయని, పైగా టైము దండగని, ఇప్పుడు అందరూ అందరికీ అయిదూ తొమ్మిదే ఇస్తున్నారు. కంప్యూటరు ఆ అంకెలు ముందే నింపి పెడుతుంది. "నువ్వు అయిదూ తొమ్మిది మిత్రమా, నీ పేరు వినబడలేదు, మళ్లీ చెప్పు" అనే వాక్యంలో సభ్యులెవరికీ ఏ లోపమూ కనబడదు.

ఈ ఏడు పోటీలో గెలవాలని ఆర్వోకు బలంగా ఉండేది. ఎవరి సాయం లేకుండా ఒక్కరే ఆడేవాళ్లకిచ్చే ఒంటరి విభాగం షీల్డు ఏళ్ల తరబడి డెల్బర్ట్ ట్రూడో ఇంట్లో, ముందుగదిలో, వచ్చినవాళ్లందరి కళ్లలో పడేట్టు వేలాడుతోంది. ఆర్వో స్కూలు బస్సులు రిపేరు చేసి రిటైరయిన మనిషి. బ్యాటరీతో నడిచే అయిదు వాట్ల రేడియో తన చేత్తోనే కట్టుకున్నాడు. పక్కన కివెలా కౌంటీలో, మనుషులే లేని అడవి లోపల, వాళ్ల నాన్న కట్టిన చెక్క గది ఒకటుంది. ఆ వైపు వాళ్లు దాన్ని క్యాంప్ అంటారు. కివెలా కౌంటీ నుంచి రేడియోలో పలికినవాళ్లు ఈ మధ్య కాలంలో లేరు. పైగా అక్కడ కరెంటు లేదు, ఫోను సిగ్నల్ లేదు, అరిస్తే పలికే పొరుగు లేదు. రేడియో పోటీకి ఇంతకంటే పుణ్యస్థలం ఉండదు.

శనివారం పొద్దున బయల్దేరుతుంటే భార్య లెంపీ ఫ్లాస్కు, యాలకుల రొట్టె, మాంసం పెట్టిన రెండు పాస్టీలు సంచిలో సర్దింది.

"బూట్లకు ఆ ఇనుప ముళ్ల పట్టీలు తొడుక్కో. అక్కడంతా గాజులా గడ్డకట్టి ఉంటుంది. వింటున్నావా?"

"ఆఁ ఆఁ."

"ఏమన్నాను?"

"అయిదూ తొమ్మిది," అని ఆర్వో బండెక్కాడు. పట్టీలు గుమ్మం పక్కనే ఉండిపోయాయి.

దారిలో బండి వదిలి, చివరి మైలు మంచులో నడిచి క్యాంపు చేరేసరికి పోటీ మొదలైంది. కొంచెం సేపు ఏమీ పలకలేదు. యాంటెనా తీగ ఇంకో మూరెడు పైకి కడితే పలుకుతుందని ఆర్వోకు తోచింది. అల్పశక్తివాళ్లకు తోచేది ఎప్పుడూ అదే. నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు, తీగ మూరెడు పైకి కట్టాడు. దిగేటప్పుడు నిచ్చెన అవసరం పడలేదు. కిందికి వచ్చేసరికి ఎడమ కాలు మోకాలి కింద ఒక కొత్త దిక్కుకు తిరిగి ఉంది.

మోచేతుల మీద పాకుతూ లోపలికి వచ్చేటప్పటికి అతని గడ్డం మీద చెమట గడ్డకట్టింది. తలుపు సగం తెరిచే ఉండిపోయింది. పొయ్యిలో రెండు దుంగలు మాత్రం మండుతున్నాయి, మిగతా కట్టెలన్నీ బయట షెడ్డులో ఉన్నాయి. రేపు సాయంత్రం వస్తానని లెంపీతో చెప్పాడు కనుక అప్పటిదాకా ఎవరూ వెతకరు. ఆ చలిలో రేపు సాయంత్రం దాకా ఆగడం కుదిరే పని కాదని ఆ ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత బల్ల మీది మైకును తీగ పట్టుకుని కిందికి లాక్కున్నాడు.

తీగ మూరెడు పైకి కట్టిన పుణ్యం ఊరికే పోలేదు. మొదటి పిలుపుకే జార్జియా పలికింది.

"ఇక్కడ ఆర్వో, కివెలా కౌంటీ. కాలు విరిగింది. దయచేసి పోలీసులకు ఫోన్ చేయండి."

"కివెలానా! బాబోయ్, ఎన్నేళ్ల నుంచి వెతుకుతున్నాను గురూ! అయిదూ తొమ్మిది, గంట కొట్టినట్టుంది నీ గొంతు! కౌంటీ పేరు మళ్లీ ఓసారి చెప్పు, సగమే వినబడింది."

"కివెలా. నా కాలు విరిగింది, నాకు సాయం..."

"కివెలా. రాసుకున్నా. మా ఆవిడకు కూడా చెప్తాను, సంతోషిస్తుంది. ఉంటా!"

జార్జియా ఆయన చాలా మంచివాడు. అరుదైన కౌంటీ దొరికిందని వెంటనే అందరూ చూసే ఇంటర్నెట్ బోర్డులో పెట్టాడు. దాంతో సగం అమెరికా ఒక్కసారిగా ఆర్వో మీద పడింది. అంతకు ముందు అతని పిలుపుకు పలికే దిక్కు లేదు, ఇప్పుడు పిలిచేవాళ్ల గోలలో అతనికి ఊపిరాడలేదు. వచ్చిన ప్రతివాడికీ అతను కాలు సంగతి చెప్పాడు. ప్రతివాడూ అతనికి అయిదూ తొమ్మిది ఇచ్చాడు.

ఎవరూ వినలేదంటే అబద్ధమవుతుంది. టెనెసీ మనిషి పూర్తిగా విన్నాడు. "కాలు విరిగిందా? అయ్యయ్యో. నాకు పోయినేడు మోకాలి ఆపరేషన్ అయింది మిత్రమా, నరకం చూశాననుకో. ఐసు పెట్టు."

"ఐసు మధ్యలోనే ఉన్నానయ్యా. ఎవరికైనా ఫోన్..."

"ఏమయ్యా, అవతల వరసలో ఉన్నాం!" అని మూడోవాడు అందుకున్నాడు. "సొంత గొడవలు పోటీ అయ్యాక చెప్పుకోండి. కౌంటీ పేరు చెప్పి కానివ్వండి."

అంటారియో నుంచి పలికిన పెద్దావిడ మాత్రం బాధ్యత తెలిసిన మనిషి. "తప్పకుండా ఫోన్ చేస్తాను నాయనా," అంది. "పోటీ అవగానే. రేపు సాయంత్రం. మొదటి పని అదే." ఆవిడ మాట తప్పలేదు కూడా. మర్నాటి సాయంత్రం ఆవిడ ఫోన్ మీద ఒక పోలీసు ఆ అడవిలోకి వెళ్లి, ఖాళీ గదిని జాగ్రత్తగా పరిశీలించి, ఎవరూ ఆపదలో లేరని నిర్ధారించాడు.

పొయ్యిలో నిప్పు మీద బూడిద కమ్మింది. వేళ్లు మైకు బటన్ మీద నిలవడం మానేశాయి. ఆర్వోకు గుమ్మం పక్కన వదిలేసిన ఇనుప పట్టీలు గుర్తొచ్చాయి. లెంపీ పొద్దున ఏం చెప్పిందో ఇప్పుడు మాటకు మాట వినిపించింది. పెళ్లయిన దగ్గర్నుంచి తను ఆవిడకు ఎన్ని అయిదూ తొమ్మిదులు ఇచ్చి ఉంటాడో లెక్కపెట్టబోయి, ఆ చలిలో అది మంచిది కాదని మానుకున్నాడు. దేవుడికీ ఇలాగే అందరూ ఒకేసారి పిలుస్తుంటే, ఆయన ఎవరి కౌంటీ పేరు రాసుకుంటున్నాడో అనిపించింది. వెంటనే తప్పయిపోయిందని చేతులు జోడించబోయాడు. చెయ్యి లేవలేదు.

ఇక్కడ కథలోకి డెల్బర్ట్ ట్రూడో వస్తాడు.

డెల్బర్ట్ తన ఇంట్లో, షీల్డు కింద కూర్చుని, బోర్డు చూస్తున్నాడు. కివెలా కౌంటీ, అద్భుతమైన సిగ్నల్. కివెలా కౌంటీ, గంట కొట్టినట్టుంది. కివెలా కౌంటీ, అయిదూ తొమ్మిది, అయిదూ తొమ్మిది. ఒక మనిషి ఆపదలో ఉన్నాడన్న సంగతి ఊరూరా చెప్పినా ఎవరికీ ఎక్కలేదు కానీ, ఒక మనిషి తనకంటే బాగా వినిపిస్తున్నాడన్న సంగతి డెల్బర్ట్‌కు చప్పున ఎక్కింది. సంఘం అధ్యక్షుడు గోర్డన్ నైక్విస్ట్‌కు ఫోన్ కొట్టాడు.

"అయిదు వాట్లతో టెక్సాస్‌లో గంట కొడుతుందా గోర్డన్? నువ్వే చెప్పు. వాడు దొంగతనంగా వంద వాట్లు వాడుతున్నాడు."

"ఆర్వోనా? ఆదివారం చర్చిలో చందా పళ్లెం పట్టుకునేవాడయ్యా."

"అలాంటివాళ్లే చేసేది. నేను బండి తీస్తున్నా. నువ్వు వాట్లు కొలిచే మీటరు పట్టుకురా."

అడవి దారిలో నడుముల్లోతు మంచు ఉంది. మామూలుగా ఆ దారిన వసంతం వచ్చేదాకా ఎవరూ వెళ్లరు. తనిఖీ సంఘం వెళ్లింది. బండి రెండుసార్లు కూరుకుపోతే ఇద్దరూ దిగి పారలతో తవ్వారు. చివరి మైలు, మంచు మీద జారే చెక్క బండి, స్లెడ్జిని లాక్కుంటూ నడిచారు. దొరికే రేడియోను సాక్ష్యంగా తీసుకురావడానికి స్లెడ్జి అన్నమాట. డెల్బర్ట్‌కు గుండెజబ్బు ఉంది, డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. అయినా ఆగలేదు. న్యాయం మీద అంత పట్టుదల ఉన్న మనిషి.

వెలుతురు పోకముందే తలుపు దగ్గరికి చేరారు.

"ఆర్వో! మైకు వదిలెయ్యి! ఏదీ ముట్టుకోవద్దు!"

నేల మీద నుంచి సన్నటి గొంతు వచ్చింది. "డెల్బర్ట్... దేవుడికి స్తోత్రం."

"మధ్యలో దేవుణ్ణి తేకు. ముందు మీటరు."

మీటరు తగిలించారు. నాలుగున్నర వాట్లు. డెల్బర్ట్ మీటరును తట్టి చూశాడు, ఊపి చూశాడు. నాలుగున్నరే. అతని మొహం చిన్నబోయింది. చూడడానికి ఇంకేమీ లేకపోవడంతో కిందికి చూశాడు.

"నువ్వేంటి, నేల మీద పడుకున్నావు?"

"కాలు విరిగింది."

"రేడియోలో చెప్పకపోయావా మరి?" అన్నాడు నైక్విస్ట్.

"పొద్దుట్నుంచీ అదే చెబుతున్నా."

"బోర్డులో ఎవరూ రాయలేదే! అందరూ నీ గొంతు చాలా బాగుందనే రాశారు."

డెల్బర్ట్ తన కోటు విప్పి ఆర్వో మీద కప్పాడు. పొయ్యి రాజేశాడు, నిచ్చెన మెట్లు విరగ్గొట్టి కాలికి కట్టు కట్టాడు, సాక్ష్యం కోసం తెచ్చిన స్లెడ్జి మీద అతన్ని పడుకోబెట్టి మైలు దూరం తనే లాగాడు. వ్యంగ్య కథకు ఇవన్నీ అక్కర్లేని వివరాలే, కానీ జరిగినవి కనుక చెప్పాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో లెంపీ మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది. "దేవుడు నీ మొర విన్నాడు."

"విన్నాడు," అన్నాడు ఆర్వో. "పంపడానికి మాత్రం ఆయనకు డెల్బర్ట్ తప్ప ఎవరూ దొరకలేదు."

బహుమతుల సభ లూథరన్ చర్చి కింది హాల్లో, తలా ఒక వంటకంతో, చెవి బొమ్మ జెండా సాక్షిగా జరిగింది. అత్యధిక పాయింట్లు ఆర్వోవే. కానీ నిబంధనల ప్రకారం ఒంటరి విభాగంలో ఉన్నవాళ్లు పోటీ నడుస్తుండగా బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ఆర్వో తీసుకున్నాడు. కాదనడానికి వీల్లేదు, చూసిన సాక్షులు ఇద్దరున్నారు. కనుక అతన్ని సాయం పొందినవారి విభాగానికి మార్చి, ఒంటరి విభాగం షీల్డు యథాప్రకారం డెల్బర్ట్‌కు అందజేశారు. పుచ్చుకునేటప్పుడు డెల్బర్ట్ ఆర్వో వైపు చూడలేదు. పుచ్చుకోవడం మాత్రం పుచ్చుకున్నాడు.

నైక్విస్ట్ ఉపన్యసించాడు. "సోదర సోదరీమణులారా! బలహీనమైన గొంతును ఆదరించడమే మన సంఘం ఊపిరి. ఆర్వో గొంతు ఆ రోజు ఖండమంతా మోగింది! అతన్ని విననివారు లేరు! మనం వినే జాతి!" చప్పట్లు చాలాసేపు మోగాయి.

నాలుగు మాటలు చెప్పమంటే ఆర్వో ఊతకర్రల మీద లేచాడు. "ఆ రోజు నేను సాయం అడిగాను. ఎవరూ వినిపించుకోలేదు. చచ్చిపోతాననుకున్నాను," అని చెప్పి కూర్చున్నాడు. సభ యావత్తూ లేచి నిలబడింది. ఎంత బాగా మాట్లాడావయ్యా అని ముందు వరసవాళ్లు చేతులు ఊపేశారు. కాఫీ దగ్గర ఒకాయన భుజం తట్టి, "అద్భుతం ఆర్వో, కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నట్టు, ఆ కర్రలేమిటి?" అని అడిగాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆర్వో మళ్లీ క్యాంపుకు బయల్దేరాడు. లెంపీ ఇనుప పట్టీలు తీస్తే, చెప్పకముందే కూర్చుని బూట్లకు తొడుక్కున్నాడు. ఆవిడ ఫ్లాస్కు సంచిలో పెట్టింది.

"ఈసారి చీకటిపడేలోగా రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యమంటావు? పాస్టరు గారికా?"

"ఆయన ప్రార్థన చేస్తారు. అది నువ్వు ఎలాగూ చేస్తుంటావు."

"నైక్విస్ట్‌కా?"

"సభ పెడతాడు."

"మరెవరికి?"

"డెల్బర్ట్‌కు చెయ్యి. కాలు, ప్రాణం అని చెప్పకు, ఆలస్యమవుతుంది. ఆర్వో పది వాట్లు వాడుతున్నాడట అని చెప్పు. చెప్పులు కూడా వేసుకోకుండా వస్తాడు."

లెంపీ ఫోన్‌లో ఇప్పుడు డాక్టరు నంబరు కంటే పైన డెల్బర్ట్ నంబరు ఉంది. ఒంటరిగా ఉండే వాళ్లెవరైనా ఇలాంటి నంబరు ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది. దూరం వెళ్లి వెతకనక్కర్లేదు, ప్రతి వీధిలో ఒకరుంటారు. మీ వీధిలో ఎంత వెతికినా కనబడకపోతే మాత్రం, వీధిలోవాళ్లు ఇప్పటికే మీ నంబరు రాసి పెట్టుకుని ఉంటారు.