పెద్దాయనకు షుగర్ పడిపోయింది

ఆ ఉదయం జనార్దనయ్య వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ముందు పిల్లి చెవి అంచున సూదితో గుచ్చి, చుక్క రక్తం తీసి మీటరులో షుగర్ చూడాలి. తర్వాత దానికి తిండి, అది తిన్నాక ఇన్సులిన్. ఆ పని కాగానే భార్య రేణుకాదేవితో ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాలి. అక్కడ ఆమె అన్న మాల్యాద్రి మనవరాలికి ఆ రోజు పేరు పెడుతున్నారు.

పిల్లి పేరు పెద్దాయన. తెల్ల మీసాలు, బాన పొట్ట, పడక్కుర్చీ దిగని స్వభావం చూసి రేణుకాదేవే ఆ పేరు పెట్టింది. నెల్లూరు పశువుల డాక్టరు దానికి షుగరుందని చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. జనార్దనయ్య ఏడవలేదు. కరెంటాఫీసులో ఉద్యోగమంతా మీటర్ల మధ్య గడిపినవాడు. ఏ గండమైనా అంకెగా మారి కళ్ళెదుట నిలబడితే చాలు, అది తన చెప్పుచేతల్లోకి వచ్చేసినట్టే ఆయనకు ఉంటుంది.

ఆ పొద్దున అంకె కాస్త ఎక్కువే చూపింది. గిన్నెలో తిండి వేసి, బస్సు వేళ తలుచుకుంటూ ఆయన సిరంజి నింపుతుండగా వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఇదో, మిమ్మల్నే! వాడింకా గిన్నెలో మూతి పెట్టలా!"

జనార్దనయ్య పలకలేదు. కోపమేమీ లేదు. "ఇదో" అన్న పిలుపు తనకేనని తెలుసు. తెలిసిన సంగతిని మళ్ళీ వినడం దేనికని ఆయన చెవి ఏనాడో తీర్మానించుకుంది. సూది వేసేశాడు. పెద్దాయన మాత్రం తనకిష్టమైన సోమశిల డ్యాము చేప లేని ఆ గిన్నెను ఒకసారి వాసన చూసి, అవమానం దిగమింగుకుని వెళ్ళిపోయాడు.

సంచులు సర్దుకుని బయల్దేరబోతుంటే పిల్లి గడప దగ్గర తూలి పడింది. మీటరు చూపిన అంకె ఎంత తక్కువంటే, జనార్దనయ్య జీవితంలో మొదటిసారి మీటరును అనుమానించాడు. డాక్టరుకు ఫోన్ చేశాడు.

"తినకముందే ఇన్సులిన్ వేశారా? చిగుళ్ళకి తేనె రాయండి. రాస్తానే ఉండండి."

ఆయన తేనె రాస్తున్నాడు. తను ఇన్నాళ్ళూ ధైర్యం అనుకున్నది వట్టి అలవాటేమోనని అనిపించసాగింది. పక్కగదిలో రేణుకాదేవి ఏడుస్తూ అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, మేం రాలేం. పెద్దాయనకి షుగర్ పడిపోయినాది. కళ్ళు తేలేసినాడు!"

ఆమె ఏనాడూ మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదు. పిల్లికి పేరుందని మాల్యాద్రికి తెలియదు.

"పలకతా ఉండాడా?" అన్నాడు గాభరాగా.

"లేదన్నా. చెవికి సూది పొడిచినా కదల్లా. నోటికి తేనె రాస్తా ఉండాం," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చెవికి సూది పొడిచి చూసే దాకా వచ్చిందంటే ఇక ఆశ లేదని మాల్యాద్రి నిశ్చయించుకున్నాడు. బారసాల ఆగింది. పాయసం విస్తరి ముందు నుంచి లేచి, బంధువులందరినీ వ్యానులో ఎక్కించాడు. వట్టి చేతులతో ఎట్టా పోయేదని మేనత్త కామాక్షమ్మ దారిలో ఒక పూలదండ కూడా కొనింది.

ఆత్మకూరులో వ్యాను దిగుతూనే ఆమె శోకం అందుకుంది.

"ఎంత మంచోడయ్యా! ఏ మాటకీ ఎదురు చెప్పినోడు కాదే!"

"ఎదురేంది అత్తా, అసలు పలికితే గదా," అంది మాల్యాద్రి భార్య, ముక్కు తుడుచుకుంటూ.

తలుపు తెరుచుకుంది. చేతి నిండా తేనెతో జనార్దనయ్య నిలబడి ఉన్నాడు. కామాక్షమ్మ చేతిలో దండ జారింది. తన చావు గురించి తనకొక్కడికే కబురు అందలేదని ఆయనకు అర్థమవుతుండగా, రేణుకాదేవి పిల్లిని ఎత్తుకుని పరుగున వచ్చింది.

"పెద్దాయన లేచినాడన్నా! చేప తింటా ఉండాడు!"

మాల్యాద్రి అరుగు మీద కూలబడ్డాడు. "పిల్లికి షుగరేందమ్మా! మతి ఉండే మాట్లాడతా ఉండావా?" అంటూ చెంబెడు నీళ్ళు గటగటా తాగి, ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగి, దొడ్డివైపు వెళ్ళొచ్చి మళ్ళీ అడిగాడు.

జనార్దనయ్య ఆ చెంబు వంక చూశాడు. పోయిన ధైర్యం తిరిగొచ్చింది. పిల్లి జబ్బు మొదట బయటపడింది కూడా నీళ్ళ గిన్నె దగ్గరే.

"బావా, వేలు ఇట్టా తే."

"అది పిల్లి మీటరు బావా!"

"మీటరుకి మనిషీ పిల్లీ తెలీదు."

మాల్యాద్రి కెవ్వుమన్నాడు. పొద్దున పిల్లికి వచ్చిన అంకెను ఎక్కడో కింద వదిలేసి మీటరు పైకి పోయింది. వ్యాను అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి మిషను కూడా పిల్లి మీటరునే సమర్థించింది. పాయసం వల్లనే ఇదంతా అన్న మాల్యాద్రి వాదనను మాత్రం డాక్టరు ఒప్పుకోలేదు.

సాయంత్రం జనార్దనయ్య భార్యతో అన్నాడు: "ముందు ఆ పిల్లి పేరు మార్చు."

"మారిస్తే వాడికెట్టా తెలుస్తాది? పెద్దాయనా అంటే వాడు పలుకుతాడు. ఏమని పిలిచినా పలకనోళ్ళు మీరు. కావాలంటే మీరే మార్చుకోండి."

మర్నాడు పొద్దున జనార్దనయ్య సిరంజి పక్కన పెట్టి, పిల్లి తినడం పూర్తయ్యేదాకా గిన్నె దగ్గరే కూర్చున్నాడు. వంటింట్లోంచి కేక వినిపించింది.

"పెద్దాయనా!"

"ఆఁ!" అని వెంటనే జవాబు వచ్చింది. పిల్లి మూతి మాత్రం గిన్నెలోనే ఉంది.