అసలాయన ఎక్కడున్నారు

'చేరువ' కంపెనీ మూతపడుతోందన్న కబురు ఉదయశ్రీకి ఆమె భర్త నకలే చెప్పాడు, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా.

అసలు కోదండపాణి హైదరాబాదులో ఆఫీసులో ఉంటాడు. కాకినాడలో ఇంటివాళ్ల కోసం ఆయన నకలును ఆ కంపెనీ నడుపుతుంది. పిలవగానే పలుకుతాడు, ప్రయాణపు బడలిక ఉండదు. రోజూ తెల్లవారేసరికి అక్కడి మార్పులు ఇక్కడికి దిగుతాయి. అక్కడ క్షవరం చేయించుకుంటే ఇక్కడ జుట్టు తగ్గుతుంది. ఊళ్లో సగం సంసారాలు ఇలాగే సాగుతున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా కంపెనీ చితికిపోయాక మొదలైంది. కోదండపాణి ఒక పొద్దున నిరుటి గడ్డంతో లేచాడు. ఎప్పుడో అయిపోయిన ఉగాదికి మళ్లీ శుభాకాంక్షలు చెప్పాడు. ఎవరి మొగుడిదో దగ్గు వచ్చి ఈయన మీద పడింది, ఇక పోలేదు. తెలివైనవాళ్లు ముందే 'సత్వర' అనే కొత్త కంపెనీకి మారిపోయారు. ఎదురింటివాళ్లు మారిన రోజున వాళ్ల పాత నకలు మెట్ల మీద కూర్చుని, చెప్పులు వేసుకుంటూ వేసుకుంటూనే కనబడకుండా పోయింది. చెప్పులు మిగిలాయి. అది చూసిన దగ్గర్నుంచి ఉదయశ్రీకి అదే బెంగ. "మనమెప్పుడు మారతామండీ?" అని అడిగితే "చూద్దాంలే" అనేవాడు. నకలైనా ఆ బద్ధకం మాత్రం అచ్చంగా ఆయనదే.

ఆఖరి రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, సత్వర మనిషి వచ్చాడు. సాయంత్రానికి చేరువ దీపం ఆర్పేస్తుందట.

"నకలు మీంచి నకలు తియ్యమమ్మా, మసకేసిపోద్ది. అసలాయన్నొకసారి పలకమనండి," అన్నాడు.

ఉదయశ్రీ హైదరాబాదు ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఇక్కడున్నదీ నకలేనండి," అంది అవతలి గొంతు తాపీగా. "ఆయన ఇంటి దగ్గర ఉంటారనేగా మేం నకలు పెట్టుకున్నాం."

ఆఫీసులో ఉన్నాడని ఇల్లూ, ఇంట్లో ఉన్నాడని ఆఫీసూ ఇన్నేళ్లూ నిశ్చింతగా ఉన్నాయి. రెండు నకళ్లూ ఒకదాన్ని చూసి ఒకటి గడ్డం గీసుకుంటున్నాయి. మనిషి ఎప్పుడు తప్పిపోయాడో ఎవరికీ తెలియదు.

"ఉదయా, సాయంత్రం నేనుంటానా?" అన్నాడు కోదండపాణి, ముద్ద చేతిలోనే పట్టుకుని. కూతురు మేధ ఆయన చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

సత్వర మనిషికి ఇవేవీ కొత్త కాదు. "కంగారెందుకండీ. ఈయనే అసలని ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే మాకు చాలండి."

"ఈయనే," అంది ఉదయశ్రీ ఊపిరి తీసుకోకుండా.

"మంచిదండి. చెయ్యి కడుక్కోండి బాబూ, వెళ్దాం."

"ఎక్కడికి?"

"అసల్ని ఇళ్లల్లో ఉంచరు కదమ్మా. మా దగ్గరుండాలి. నకలు పంపిస్తాం, దీపాలేళకి వచ్చేస్తారు."

ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. అలాగే నిలబడితే సాయంత్రానికి మెట్ల మీద చెప్పులే మిగులుతాయని గుర్తొచ్చి, పక్కకు తప్పుకుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆయన దగ్గు వినిపించింది.

దీపాలవేళకు కోదండపాణి వచ్చాడు. మధ్యాహ్నం వదిలేసిన కంచం ముందే కూర్చుని, పప్పు కలుపుకుని, ఉప్పు తగ్గిందన్నాడు.

మేధ కాసేపు చెవి ఒగ్గి విన్నది. "అమ్మా, ఈ నాన్నకి దగ్గు లేదు."

"మంచిదేగా," అంది ఉదయశ్రీ, ఉప్పు గిన్నె ఆయన వైపు జరుపుతూ.