వేపుళ్ల సంస్కరణ సంఘం

ఒక పెద్ద అడవిలో, డాన్యూబ్ నది ఒడ్డున, ఏటా చలికాలం వెళ్లిపోయే రోజుల్లో వేపుళ్ల సంత జరిగేది.

యూరప్ నలుమూలల నుంచీ జంతువులు బాణళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చేవి. స్పెయిన్ అడవిపంది జంతికల్లా పిండి నొక్కి పొడుగాటి చురోలు వేసేది. పోలండ్ నీటికుక్క లోపల జామ్ కూరి పోంచ్కీలు వేసేది. మన పూర్ణం బూరెలకు దూరపు చుట్టాలనుకోండి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సముద్రపు కాకి చేపముక్కలు, బంగాళాదుంపలు వేయించేది. ఆ అడవిదే అయిన ముళ్లపంది ఇలోన, పులిసిన పిండిని సాగదీసి, నూనెలో పొంగించి, పైన వెల్లుల్లి రసం రాసి లాంగోష్ రొట్టెలు అమ్ముకునేది. అదే ఆమె బతుకు.

ఆ ఏడు సంతలో అడవి అధ్యక్షుడు, ముసలి అడవిదున్న, ఒక్కో దుకాణం దగ్గరా ఇరవై చొప్పున లాగించి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఎలాగో బతికాడు.

మర్నాడే సభ పెట్టారు. విదేశాల్లో చదివొచ్చిన ఆరోగ్య నిపుణుడు డాక్టర్ కొంగ గొంతు సవరించుకున్నాడు.

"దోషం నూనెది. అన్నీ ఆవిరి మీద ఉడికించాలి. చురో అయినా, చేపైనా!"

ఇలోన భయపడుతూనే లేచింది. "అయ్యా, నూనె బాగా కాగాక వేస్తే పిండి తక్కువ పీలుస్తుంది. వాడిన నూనె మళ్లీ మళ్లీ కాచకూడదు. తీశాక నూనె బాగా ఓడనివ్వాలి. పక్కన కాస్త క్యాబేజీ పచ్చడి పెట్టుకుని, ఒకటి తిని లేవాలి. పండగ తిండి పండక్కే తినాలి గానీ..."

"నువ్వేం చదివావమ్మా?" అన్నాడు కొంగ.

"బాణలి చదివానండీ."

సభంతా నవ్వింది. అధ్యక్షుడు మరీ గట్టిగా నవ్వాడు. ఇరవై తిన్నవాడికి "ఒకటి తిని లేవాలి" అన్నమాట రుచించలేదు.

నిషేధం వచ్చింది. కార్యదర్శి నక్క ఊరూరా తిరిగి బాణళ్లు, నూనె జాడీలు జప్తు చేసి గోదాములో పెట్టించింది. ఆవిరి చురోలు ఉడికిన వానపాముల్లా సాగాయి. ఎవరూ కొనలేదు. జంతువులు దుంపలూ ఆకులూ తిని సరిపెట్టుకున్నాయి. పొయ్యి ఆరిపోయిన ఇలోన నది ఒడ్డున నత్తలు ఏరుకుని బతికింది. తెల్లారేసరికి మాత్రం పిండి కలపడానికి చేతులు వాటంతటవే కదిలేవి.

"వేపుడు ఎంత చెడ్డదో తేల్చాలంటే ఎవరో ఒకరు తినిచూడాలిగా?" అంది నక్క.

"ప్రజల కోసం ఆ కష్టం మేమే పడతాం," అన్నాడు అధ్యక్షుడు.

అలా పుట్టింది వేపుళ్ల సంస్కరణ సంఘం. అధ్యక్షుడు, నక్క, కొంగ, మరో తొమ్మిది మంది సభ్యులు. గోదాము తలుపులు మూసుకుని పూటపూటా పరిశోధన చేశారు. నూనె మార్చే ఓపిక ఎవరికీ లేదు. అది తారులా నల్లబడింది.

మూడు నెలల్లో జనం సన్నబడి చురుగ్గా తిరుగుతున్నారు. సభ్యులు కుర్చీల్లోంచి లేవలేకపోతున్నారు. కొంగ ఒక్కడికే, జాతి గుణం వల్ల, కాళ్లు సన్నగానే ఉండి నడక సాగింది.

ఈ ఆరోగ్య విప్లవం గురించి విని, దేశదేశాల జంతువులు చూడటానికి వచ్చాయి. కొంగ పొంగిపోయాడు. ఆవిరి వంట ఎవరూ తినలేదన్న సంగతి దాచి, సభలో ఇలోన చెప్పిన నూనె మాటలే కాస్త పెద్ద పదాల్లో చెప్పి, "దీన్ని కొంగ పద్ధతి అంటారు," అన్నాడు.

"ఏదీ, ఒకసారి వేసి చూపించండి," అంది సముద్రపు కాకి.

కొంగ జన్మలో గరిటె పట్టలేదు. నీళ్లోడుతున్న దుంపముక్కల్ని దోసిలితో, గోదాములో కాగుతున్న నూనెలో గుమ్మరించాడు. బాణలి భగ్గున పొంగింది. రెక్కలు కాలి, కొంగ కేకలు పెడుతూ నదిలోకి దూకాడు. ఆ గొడవకు అధ్యక్షుడు మళ్లీ గుండె పట్టుకుని కుర్చీలోనే వాలిపోయాడు.

కాసేపటికి తేరుకుని, కేకలు విని నది ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన ముళ్లపందిని చూసి, "ఇలోనా, నువ్వు చెప్పిందే చెయ్యమ్మా," అన్నాడు నీరసంగా.

ఆమె ముందు బాణలి వాసన చూసింది. "ఇది ఎన్నాళ్ల నూనెయ్యా?"

 ఆమె దాన్ని పారబోయించి, బాణలి తోమి, కొత్త నూనె కాచి, రొట్టెలు వేసి, నూనె ఓడ్చి, అతిథులందరికీ ఒక్కోటి పెట్టింది. అధ్యక్షుడికి మాత్రం గిన్నెడు క్యాబేజీ పచ్చడి పెట్టింది.

"మరి రొట్టె?"

"తమరి వాటా ఈ మూడు నెలల్లో అయిపోయిందయ్యా. వచ్చే ఏడు రండి."

అందరూ పగలబడి నవ్వారు. ఆ సాయంత్రమే నిషేధం ఎత్తేశారు. సంఘాన్ని మాత్రం ఎత్తలేకపోయారు. సభ్యులు కుర్చీల్లో ఇరుక్కుపోయారు.

నీతి: ఆరోగ్యంగా ఉండాలంటే వేపుడు మానక్కర్లేదు, సంఘంలో సభ్యత్వం మానుకుంటే చాలు.