మూడో గ్లాసు ఎత్తేలోపు

కాకినాడలో లిఫ్టులు బిగించే కంపెనీ సూపర్‌వైజరు భీమశంకరాన్ని, అతను శిక్షణ కోసం వెళ్లిన పరదేశపు నగరంలోని మునిసిపాలిటీ, గురువారం సాయంత్రం ఏడు గంటల నుంచి ఇరాక్లీ అనే మనిషిగా నియమించింది. నియామక పత్రం ఆకుపచ్చ కాగితం మీద రెండు ప్రతుల్లో తయారైంది. ఒకటి అతని హోటలు గది తలుపు కింద నుంచి లోపలికి తోశారు. రెండోది దస్త్రంలో ఉంచుకున్నారు.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో స్నేహితులు బృందాలుగా పేర్లు నమోదు చేయించుకుంటారు. బృందంలో ఒక్కరు తగ్గినా మిగతావాళ్లకు ఏ భోజనశాలలోనూ బల్ల ఇవ్వరు. తగ్గిన మనిషి చనిపోయాడా, ఊరు విడిచిపోయాడా అని ఎవరూ అడగరు. ఖాళీ చూపిస్తూ దరఖాస్తు పెడితే, ఊళ్లో ఒంటరిగా తిరిగే పరదేశిని వెతికి అందులో వేస్తారు. భీమశంకరం మూడు రాత్రులుగా ఒక్కడే గోడ వైపు తిరిగి సూపు తాగుతున్నాడని అప్పటికే ఎవరో రాసి పెట్టుకున్నారు.

మునిసిపాలిటీ గుమాస్తా ఒక నడివయసు ఆవిడ. వివరాలన్నీ ఇంగ్లిషులో నిదానంగా చదివి వినిపించింది.

"ఇరాక్లీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడు. బృందంలోని జురాబ్‌కీ అతనికీ మాటల్లేవు. జురాబ్ తల్లి పోతే ఇతను చూడ్డానికి వెళ్లలేదు. బస్సెక్కిన మేక కథ చెబుతాడు."

"ఆ కథ చివర ఏమవుతుంది?"

"దస్త్రంలో లేదు. అంతదూరం రాకముందే అందరూ నవ్వేస్తారట." ఆవిడ కాగితం తిప్పింది. "మూడోసారి గ్లాసులు ఎత్తేలోపు 'నేను ఇరాక్లీని కాను' అంటే చాలు, నియామకం రద్దు. వాళ్ల బృందం కూడా రద్దే, ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు పోతారు. శనివారం మీరు విమానం ఎక్కొచ్చు. అనకపోతే శాశ్వతం."

"మరి మా ఇంట్లో?"

"మీ ఖాళీ మీరు బయల్దేరిన రోజే తాత్కాలికంగా భర్తీ అయింది. అది అవతలి విభాగం చూసుకుంటుంది."

ఏ దరఖాస్తు కిందైనా చిన్న అక్షరాల్లో ఇలాంటిదేదో ఉంటుందిలే అనుకున్నాడు భీమశంకరం. సోమవారం అతను భార్య సుభాషిణికి 'చేరాను' అని మెసేజ్ పెట్టాడు. జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. ఆ తర్వాత ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడలేదు.

ఏడింటికి భోజనశాలలో బల్ల దగ్గర ముగ్గురున్నారు. రొట్టెల కొట్టు లేవాన్, భూగోళం పాఠాలు చెప్పే నీనో, బస్సు డిపోలో మెకానిక్కు జురాబ్. పద్నాలుగు నెలలుగా వాళ్లు దీనికోసమే ఎదురుచూస్తున్నారు. లేవాన్ లేచొచ్చి అతణ్ని వాటేసుకున్నాడు.

"వచ్చావురా దొంగ సచ్చినోడా! ఆ పొట్ట ఎక్కడ పారేసుకున్నావు? బాగా నల్లబడ్డావు కూడా!"

"ఎండలు," అన్నాడు భీమశంకరం. అది నిజమే.

"జుట్టు కూడా ఎండకే పోయిందా?" అంది నీనో. ముగ్గురూ నవ్వారు. ఆమె అతని పళ్లెంలో చీజు నింపిన రొట్టె వేసి, ఎలా ఉన్నావని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగింది. అలా ఆగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో భీమశంకరానికి గుర్తు రాలేదు. కొంచెం కంగారు పడ్డాడు. బాగానే ఉన్నానన్నాడు. అది జవాబు కాదన్నట్టు ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

మొదటి గ్లాసు వెళ్లిపోయినవాళ్ల కోసం ఎత్తారు. రెండోది తిరిగొచ్చినవాళ్ల కోసం. అప్పటిదాకా తల వంచుకుని తింటున్న జురాబ్ చెంచా కింద పెట్టాడు.

"మా అమ్మ పోయినప్పుడు ఎందుకు రాలేదు?"

దస్త్రంలో దీనికి సమాధానం లేదు. భీమశంకరానికి తనతో పనిచేసే సత్తిబాబు గుర్తొచ్చాడు. సత్తిబాబు భార్య పోయిన రోజు తను వాళ్ల వీధి మొదట్లో స్కూటరు ఆపి, అరగంట నిలబడి, వెనక్కి తిరిగాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, సత్తిబాబూ అడగలేదు.

"వచ్చాను. వీధి మొదటిదాకా వచ్చాను. ఏం మాట్లాడాలో తెలియక వెళ్లిపోయాను."

జురాబ్ అతని వైపు తిరిగాడు. "నిన్ను మాట్లాడమని ఎవడడిగాడు? వచ్చి పక్కన కూర్చుంటే సరిపోయేది కదరా," అన్నాడు. మొహం అటు తిప్పుకుని తన పళ్లెంలోని వంకాయ ముక్క తీసి అతని పళ్లెంలో పెట్టాడు.

లేవాన్ మూడో గ్లాసు తీశాడు. "ఉండిపోయినవాళ్ల కోసం," అని, నియమం ప్రకారం ఆగాడు. ముగ్గురూ భీమశంకరం వైపు చూశారు. చెప్పవలసింది మూడు మాటలే. అతని నాలుక మీదే ఉన్నాయి. కానీ అతనికి పుట్టుకతో వచ్చిన మొహమాటం. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేక మూడోసారి వడ్డించిన పులిహోర తిన్నాడు. లిఫ్టులంటే భయమని చెప్పలేక లిఫ్టుల కంపెనీలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. వంకాయ ముక్క ఇంకా పళ్లెంలోనే ఉంది. ఇప్పుడు కాదంటే వాళ్లేమనుకుంటారు?

అతను ఎడమచేత్తో గ్లాసు ఎత్తాడు. పక్క బల్ల దగ్గర భోంచేస్తున్న మునిసిపాలిటీ ఉద్యోగి ఒకతను చెయ్యి తుడుచుకుని కాగితం మీద ముద్ర వేసి, మళ్లీ భోజనంలో పడ్డాడు.

కాసేపటికి భీమశంకరం వరండాలోకి వెళ్లి, అక్కడి సిమ్ వేసిన ఫోను నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. కాకినాడలో రాత్రి తొమ్మిదిన్నర.

"ఎవరండీ?" అంది సుభాషిణి. "మా ఆయన భోంచేస్తున్నారండీ. ఎవరని చెప్పమంటారు?"

అతను కొంచెం తటపటాయించాడు. "ఇరాక్లీ అని చెప్పండి."

"ఏవండీ, ఎవరో ఇరాక్లీ గారంట!" ఆమె గొంతులో నవ్వు ఇంకా మిగిలి ఉంది. వెనకనుంచి కూతురు మేధ అరుస్తోంది. "నాన్నా, ఫోను తర్వాత! మేక బస్సెక్కాక ఏమైందో చెప్పు ముందు!"

ఫోను చేతులు మారింది. "ఆయ్, భీమశంకరాన్నండి. చెప్పండి." యాస కాస్త తేడాగా ఉంది. అంతే.



"ఆవిడకి కోపం వస్తే మీరేం చేసేవారండి?" అని అవతలి గొంతు మెల్లగా అడిగింది.

"ఏమీ అనేవాణ్ని కాదు."

"అంతేనాండి?"

"అంతే. పదహారేళ్లు అలాగే గడిచాయి," అన్నాడు భీమశంకరం. "ఆ మేక చివరికి ఏ స్టాపులో దిగింది?"

"దిగలేదండి. కండక్టరు టికెట్టు కొట్టేసి ముందుకెళ్లిపోయాడు."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏమంటారండి? సీట్లో కూర్చుంది కదా."

భీమశంకరం లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎవర్రా అని లేవాన్ అడిగితే రాంగ్ నంబరన్నాడు. గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని మేక కథ మొదలుపెట్టాడు. చివరిదాకా రాకముందే ముగ్గురూ నవ్వేశారు.